తప్పులు రద్దయిన పాలిటెక్నిక్

మేడిచెర్ల ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో తప్పులు రద్దయింది ఒక సోమవారం నాడు. ఉదయం ప్రార్థన అయ్యాక ప్రిన్సిపాల్ పాండురంగారావు గారు మైకు ముందుకొచ్చి, రాజధాని నుంచి వచ్చిన ఉత్తర్వు చదివి వినిపించారు. ఇకమీదట సాంకేతిక కళాశాలలన్నీ 'లోపరహిత ప్రాంగణాలు' కావాలి. ప్రతి కంప్యూటరులోనూ ఒక లెక్కింపు ప్రోగ్రాము అప్పటికే పెట్టేశారు. ఏ తెర మీద 'లోపం' అనే మాట కనబడినా అది ఆ క్షణంలోనే రాజధానిలో నమోదవుతుంది, ప్రిన్సిపాల్ గదిలో ఎర్రలైటు వెలుగుతుంది. లోపాలు తక్కువున్న కాలేజీకి నక్షత్రాలిస్తారు. ఎక్కువున్న కాలేజీ ప్రిన్సిపాల్‌ని ఏం చేస్తారో ఉత్తర్వులో లేదు. ఆ లేని వాక్యం కోసం పాండురంగారావు గారు కాగితం వెనక్కి కూడా తిప్పి చూశారు.

మెకానికల్ లెక్చరరు ప్రసూనాంబ ఇదంతా సగం చెవితోనే విన్నది. ఆమె మనసు వర్క్‌షాపులో ఉంది. అక్కడ ఆమె, ఆఖరి సంవత్సరం పిల్లలు కలిసి చేసిన సి.ఎన్.సి. మిషన్ ఉంది. కంప్యూటరులో బొమ్మ గీసి ఇస్తే దాన్ని చెక్క మీద చెక్కిపెట్టే యంత్రం అది. బయట కొనే తాహతు కాలేజీకి లేదు కాబట్టి పాత బీరువా సొరుగుల పట్టాలు, మూలపడ్డ జిరాక్సు మిషన్ల మోటార్లు, ఒక టేకు బల్ల, ఒక చిన్న కట్టరు పెట్టి ఎలాగో నిలబెట్టారు. చూడటానికి పెళ్ళి పందిట్లో కాఫీ బల్లలా ఉంటుంది. కానీ మోటార్లకి చేత్తో కరెంటిచ్చి చూస్తే వెంట్రుకవాసి కూడా అటూ ఇటూ పోకుండా కదిలింది.

ఆ యంత్రం కోసం ఊరవతల అంధ బాలికల పాఠశాలలో రెబ్కా టీచరు కాచుకుని ఉంది. ఆమె పిల్లలు పదో తరగతి పరీక్షలకి భూగోళం చదువుతున్నారు. గోదావరి తూర్పుకి పోతుందని వాళ్ళకి నోటికి వచ్చుగానీ, తూర్పుకి పోవటమంటే పటం మీద ఎటు పోవటమో తెలియదు. "చెక్క మీద మన రాష్ట్రం పటం ఒక్కటి చెక్కిపెట్టండి మేడం. వేలితో తడిమితే నది తగలాలి, సముద్రం తగలాలి" అని అడిగింది. ప్రసూనాంబ సరేనన్నది. ఇక మిగిలింది కంప్యూటరులో సాఫ్ట్‌వేర్ ఎక్కించటమే.

ప్రార్థన నుంచి నేరుగా వర్క్‌షాపుకొచ్చి ఆ పనే మొదలుపెట్టింది. కాసేపటికి తెర మీద ఎర్రగా ఒక పెట్టె తెరుచుకుంది.

"ఏమంటదండీ?" అన్నాడు వర్క్‌షాపు అటెండరు యేసుపాదం.

"డ్రైవరు లేదంటోంది. కంప్యూటరు చెప్పిన మాట మిషన్‌కి అందించే చిన్న ప్రోగ్రాము. సరైంది ఎక్కించాలి."

వెతికి, పాత రకం డ్రైవరు ఒకటి ఎక్కించింది. ఎర్రపెట్టె పోయి ఇంకో ఎర్రపెట్టె వచ్చింది. మిషన్ కేబులు కంప్యూటరుకి తగిలే పోర్టు తెరుచుకోలేదట. ప్రసూనాంబ ముఖం విప్పారింది.

"మళ్ళీ తప్పేగదండీ, సంతోషపడతారేంది?"

"ఇది కొత్త తప్పు యేసుపాదం. పాతది పోయిందన్నమాటేగా. చంటిపిల్ల ఏడిస్తేనేగా ఎక్కడ నొప్పో తెలిసేది."

ఆమె ఆ నొప్పి సంగతి చూడబోయేంతలో తలుపు దగ్గర రొప్పుతూ తల్పశాయి కనబడ్డాడు. నిన్నటిదాకా అతను కంప్యూటరు విభాగంలో లెక్చరరు. ఇప్పుడు మెడలో వేలాడుతున్న కొత్త కార్డు ప్రకారం లోపరహిత ప్రాంగణ సమన్వయాధికారి.

"మేడం, మీరేం చేస్తున్నారో మీకు తెలుస్తోందా? ప్రిన్సిపాల్ గారి గదిలో ఎర్రలైటు వెలిగింది. ఒకసారి కాదు, రెండుసార్లు. సార్ టిఫిను మధ్యలో ఆపేశారు."

వెంటనే సమావేశం పెట్టారు. టిఫిను చల్లారిపోయినందువల్ల ప్రిన్సిపాల్ గారు గంభీరంగా ఉన్నారు.

"ఏమ్మా, రెండు లోపాలకి మూలకారణం ఏమిటి?"

"మొదటిది డ్రైవరు లేకపోవటం సార్."

"డ్రైవరు పోస్టు మన కాలేజీకి మంజూరు కాలేదు. మంజూరు కాని పోస్టు ఖాళీగా ఉండటం లోపం కిందికి రాదు. తల్పశాయి గారూ, అది నమోదు చేసుకోండి."

ప్రసూనాంబ డ్రైవరంటే ఏమిటో చెప్పింది. ఏదైనా ఎక్కించేటప్పుడు తప్పులు రావటం మామూలేననీ, ఎక్కడ ఏం కుదరలేదో ఆ ఎర్రపెట్టే చెబుతుందనీ, అది చదివి ఒక్కొక్కటే సరిచేసుకుంటూ పోవాలనీ వివరించింది. ప్రిన్సిపాల్ గారు సాంతం విన్నారు.

"మీ మాట కాదనను. లోపం ఉండటం వేరు, లోపం కనబడటం వేరు. ఉండటం గురించి ఉత్తర్వు ఏమీ చెప్పలేదు. కనబడటం గురించే చెప్పింది. కాబట్టి మన కర్తవ్యం కనబడే దశకే పరిమితం. ఏమంటారు తల్పశాయి గారూ?"

తల్పశాయి అనవలసింది అన్నాడు. సాయంత్రానికల్లా చిన్న ప్రోగ్రాము ఒకటి రాసి కాలేజీలోని కంప్యూటర్లన్నిటిలోనూ పెట్టేశాడు. అతను తెలివితక్కువవాడేమీ కాదు, అదే వచ్చిన చిక్కు. ఇకమీదట తెర మీద ఏ లోపం రాబోయినా దాన్ని గుమ్మంలోనే పట్టుకుని, దాని స్థానంలో ఆకుపచ్చ పెట్టె ఒకటి తెరుస్తుంది ఆ ప్రోగ్రాము. అందులో 'అంతా సవ్యంగా ఉంది' అని ఉంటుంది. కింద రెండు చేతులు నమస్కారం పెడుతున్న బొమ్మ కూడా వేశాడు. ఆ బొమ్మ తన సొంత ఆలోచన అని తర్వాత చాలామందికి చెప్పుకున్నాడు.

మర్నాడు ప్రసూనాంబ పోర్టు పని మళ్ళీ మొదలుపెట్టింది. ఆకుపచ్చ పెట్టె వచ్చి నమస్కారం పెట్టింది. మిషన్ కదలలేదు. డ్రైవరు తీసేసి చూసింది. అంతా సవ్యంగా ఉంది. కేబులు పీకేసి చూసింది. అంతా సవ్యంగా ఉంది. విసుగొచ్చి మిషన్‌కి కరెంటే తీసేసి మీట నొక్కింది. ఇంకా సవ్యంగా ఉంది. ఫోను చేసింది.

"సార్, మిషన్ కదలటంలేదు."

"తెర ఏమంటోంది మేడం?" అన్నాడు తల్పశాయి.

"అంతా సవ్యంగా ఉందంటోంది."

"మరి ఇబ్బంది ఏమిటి?"

"మిషన్ కదలకపోవటమే ఇబ్బంది."

"కదలకపోవటం అనేది మీరు చూసిన విషయం మేడం. తెర మీద ఉన్నది వ్యవస్థ చూసిన విషయం. ఈ రెంటికీ తేడా వస్తే ఏది ప్రమాణమో మీరే ఆలోచించండి."

ఆమె ఆలోచించలేదు. ఆలోచిస్తే ఆ రోజుకి అన్నం సయించదని తెలుసు. చీకట్లో చెప్పులు వెతుక్కున్నట్టు పోర్టులన్నీ ఒకటి తర్వాత ఒకటి మార్చి చూస్తూ కూచుంది. ఎర్రపెట్టె ఉంటే చాయ్ తాగేంతలో తేలిపోయే పని, వారమంతా పట్టింది. చివరికి ఎక్కడో సరిపోయింది. మోటార్లు కదిలాయి. యేసుపాదం చప్పట్లు కొట్టాడు.

ఆ వారంలో కాలేజీ కూడా ముందుకు కదిలింది. ఎరుపు లోపానికి గుర్తు కాబట్టి ఎర్రసిరాతో పేపర్లు దిద్దటం మాన్పించారు. పిల్లల తప్పు జవాబులకి 'ప్రత్యామ్నాయ జవాబులు' అని పేరొచ్చింది. వాటికి మార్కులు కూడా వేశారు, కాకపోతే ప్రత్యామ్నాయ మార్కులు. వరండాలో నిప్పుగంట మోగితే ఏదో లోపం ఉన్నట్టే కాబట్టి దాని వైరు విప్పించారు. వెనకబడి నడుస్తున్న గోడ గడియారాన్ని సరిచేస్తే ఇన్నాళ్ళూ తప్పుగా నడిచిందని ఒప్పుకున్నట్టవుతుంది కాబట్టి, అధ్యాపకులందరూ తమ చేతిగడియారాలే దానికి అనుగుణంగా వెనక్కి తిప్పుకోవాలని సర్క్యులరు వచ్చింది. చాలామంది తిప్పుకున్నారు. సాయంత్రం బస్సులు మాత్రం సర్క్యులరు చదవలేదు. ఊళ్ళోకి వెళ్ళేవాళ్ళంతా నడిచి పోయారు.

ప్రసూనాంబకి ఈ నవ్వులాటకంటే పెద్ద బెంగ ఒకటి పట్టుకుంది. కట్టరు ఎంత లోతుకి దిగాలో హద్దు చెప్పటానికి మిషన్‌కి ఒక స్విచ్చి ఉంది. కట్టరు హద్దుకి చేరి స్విచ్చికి తగిలితే మిషన్ ఆగాలి. మిషన్ నడుస్తుండగా దాన్ని వేలితో నొక్కి చూసింది. మిషన్ ఆగలేదు. సాఫ్ట్‌వేర్‌కి ఆ స్విచ్చి కనబడటం లేదన్నమాట. కనబడటంలేదని అది మొత్తుకునే ఉంటుంది. ఆ మొత్తుకోలు కాస్తా ఆకుపచ్చ నమస్కారమైపోయింది.

హద్దు స్విచ్చి పని చేయకపోతే మిషన్‌ని ఆపటానికి మిగిలింది అత్యవసర బటను ఒక్కటే. మర్నాడొచ్చి చూస్తే అది ఆకుపచ్చగా ఉంది.

"నిన్న రంగేశారండి" అన్నాడు యేసుపాదం. "ఎర్రగా ఉండకూడదంట. వైరు కూడా పీకి తీసుకుపోయారు. నొక్కితే తెర మీద లోపమని వస్తదంటగా. బటను మటుకు ఉంచారు, చూట్టానికి బాగుంటదని."

ఆమె తిన్నగా ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది. "సార్, ఇది చెక్కని కోసే యంత్రం. చెయ్యి అడ్డమొస్తే చెయ్యి కూడా కోస్తుంది. ఆపే దారి లేకుండా నడపకూడదు."

ప్రిన్సిపాల్ గారు ఆమెను కూచోమన్నారు. "ఆపాల్సి వస్తుందని ముందే అనుకోవటం లోపాన్ని ఆహ్వానించటం కాదా ప్రసూనాంబ గారూ? వచ్చే వారం రాజధాని నుంచి జాయింట్ డైరెక్టరు విశ్వపతి గారు స్వయంగా వస్తున్నారు. మన కాలేజీ ఇప్పుడు సున్నా లోపాల్లో ఉంది. మీ యంత్రమే ప్రదర్శనలో ముఖ్యాంశం. టేకు పలక మీద 'లోపరహిత ప్రాంగణం' అని సారుగారి కళ్ళెదుట చెక్కించాలి."

"హద్దు స్విచ్చి పనిచెయ్యనిదే నేను నడపలేను సార్."

"మీరు నడపక్కర్లేదు. తల్పశాయి గారు నడుపుతారు. మీరు పక్కన నిలబడి చిరునవ్వుతో ఉండండి."

చిరునవ్వు సంగతి ఎలా ఉన్నా, ఆ రోజు ఆమె నిలబడింది మాత్రం బల్ల పక్కన కాదు, వరండాలో కరెంటు మెయిను స్విచ్చి ఉన్న గోడ పక్కన. ఎందుకక్కడ నిలబడ్డావని ఎవరూ అడగలేదు. అందరి కళ్ళూ విశ్వపతి గారి మీదున్నాయి. ఆయనకి జరీ అంచు శాలువా కప్పారు. ఆయన లోపాల మీద మాట్లాడారు. లోపం అనేది ఒక మానసిక స్థితి అన్నారు. తన సర్వీసులో తనకింతవరకు ఒక్క లోపం కూడా ఎదురుకాలేదన్నారు. దానికి అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత వర్క్‌షాపులోకొచ్చి మిషన్ దగ్గర వంగి నిలబడ్డారు. శాలువా కొస ఒకటి బల్ల మీద వాలింది.

తల్పశాయి మీట నొక్కాడు. కట్టరు గుయ్యిమంటూ 'లో' చెక్కింది, చక్కగానే చెక్కింది. 'ప' దగ్గర కాస్త లోతుకి దిగింది. 'ర' దగ్గర పలక దాటి బల్లలోకి దిగింది. పొగ లేచింది. పచ్చి టేకు కాలిన వాసన వరండాదాకా వచ్చింది. తెర మీద ఆకుపచ్చ పెట్టె వచ్చి నమస్కారం పెట్టింది.

"అద్భుతం" అన్నారు విశ్వపతి గారు తెర వంక చూస్తూ.

మిషన్ వంక చూసినవాళ్ళు లేకపోలేదు. చూసిన ప్రతివాడూ పక్కవాడి ముఖం చూశాడు. పక్కవాడు తెర వంక చూశాడు. కట్టరు బల్లని అడ్డంగా కోసుకుంటూ వచ్చి శాలువా కొసని అందుకుంది. జరీ సర్రున చుట్టుకుపోవటం మొదలైంది. విశ్వపతి గారి మెడ ఆ వేగంతోనే ముందుకు వంగుతూ పోయింది. తల్పశాయి పరుగున వెళ్ళి ఆకుపచ్చ బటను నొక్కాడు. తనే వైరు పీకించిన బటను అది. మళ్ళీ నొక్కాడు.

"తెర... తెర ఏమంటోంది?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"సవ్యంగానే ఉందంటోంది సార్" అన్నాడు తల్పశాయి ఏడుపు గొంతుతో.

ప్రసూనాంబ మెయిను స్విచ్చి కిందికి లాగింది.

ఫ్యాన్లు, లైట్లు, కంప్యూటర్లు అన్నీ చచ్చిపోయాయి. కట్టరు ఆగింది. విశ్వపతి గారి ముక్కు దానికి జానెడు దూరంలో ఉంది. యేసుపాదం కత్తెర తెచ్చి శాలువా కోసి ఆయన్ని విడిపించాడు. ఆయన నిటారుగా నిలబడి, మెడ నిమురుకుని, చుట్టూ చూశారు.

"కరెంటు పోయినట్టుందే" అన్నారు ఆయన.

"పోయింది సార్" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"అది విద్యుత్ శాఖవారి లోపం. మన పరిధిలోకి రాదు." కాస్త ఆగి, "ప్రదర్శనలో తెర మీద ఒక్క లోపం కూడా నాకు కనబడలేదు" అన్నారు.

మేడిచెర్ల పాలిటెక్నిక్‌కి అయిదు నక్షత్రాలొచ్చాయి. ప్రసూనాంబకి మెమో వచ్చింది. ఏ లోపమూ నమోదుకాని యంత్రాన్ని ఏ అధికారంతో ఆపారో, జాయింట్ డైరెక్టరు గారి సమక్షంలో విద్యుత్ అంతరాయానికి ఏల కారకులయ్యారో సంజాయిషీ ఇవ్వాలట. ఆయన మెడ గురించి అందులో ఒక్క ముక్క లేదు. ఆమె ఆ కాగితం చదివి, మడిచి, చేతిసంచీలో వేసుకుని, మిషన్ దగ్గరికి వెళ్ళింది. బల్ల మధ్యలో అరచేయి పట్టేంత కంత. ఒక మోటారు తీగలు కాలిపోయాయి. పరీక్షలు దగ్గర పడుతున్నాయి. రెబ్కా టీచరు ఫోను చేసి ఏమీ అడగలేదు, బాగున్నారా అన్నదంతే. ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

మిషన్ బాగుచేసుకోవటానికి అనుమతి అడిగింది. బాగుచెయ్యటమంటే బాగాలేదనేగా అర్థం అని ఫైలు తిరిగొచ్చింది. పోనీ పనికిరాని సామానులో వేసి వేలం వెయ్యండి, నేనే పాడుకుంటానన్నది. పనికిరాకపోవటం కూడా లోపమేనని అదీ తిరిగొచ్చింది.

"అయితే దీనికి చావూ లేదు బతుకూ లేదన్నమాట" అన్నాడు యేసుపాదం.

ప్రసూనాంబకి ఎక్కడో కాలింది. ఇంతకాలం ఆమె వాళ్ళకి నిజం చెబుతూ వచ్చింది. నిజం అర్జీ పెట్టుకుంటే తిరగ్గొడుతున్నారు. ఆ మధ్యాహ్నం కూచుని ఇంకో అర్జీ రాసింది. జాయింట్ డైరెక్టరు గారి ప్రశంసలు పొందిన, సంపూర్ణంగా లోపరహితమైన ఈ యంత్రరాజాన్ని అంధ బాలికల పాఠశాలకి బహూకరించినట్లయితే మన ప్రాంగణపు నిర్దుష్టత సమాజంలోని అన్ని వర్గాలకూ ప్రసరించగలదని అందులో ఉంది. చేతులు కడుక్కుని మరీ సంతకం పెట్టింది.

ప్రిన్సిపాల్ గారు దాన్ని రెండుసార్లు చదివారు. "ఇన్నాళ్ళకి మీ భాష దారికొచ్చిందమ్మా" అన్నారు తృప్తిగా. మెమో సంగతి మళ్ళీ ఎత్తలేదు. ట్రాలీ ఆటోకి బంతిపూల దండలు కట్టించి, బల్లలోని కంత మీద పట్టుగుడ్డ పరిపించి, జెండా ఊపి ఫొటో దిగారు.

పాఠశాలలో కంప్యూటరు పాతది. అందులో లెక్కింపు ప్రోగ్రామూ లేదు, నమస్కారాలూ లేవు. చూపులేని పిల్లల కోసం తెర మీద ఏది వచ్చినా పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ మాత్రం ఉంది. ప్రసూనాంబ సెలవు పెట్టి, యేసుపాదాన్ని వెంటబెట్టుకుని వెళ్ళింది. మోటారుకి కొత్త తీగ చుట్టించి, బల్లకి మాసిక వేయించి, సాఫ్ట్‌వేర్ ఎక్కించింది.

"లోపం" అన్నది కంప్యూటరు గట్టిగా, ఆడగొంతుతో. "డ్రైవరు దొరకలేదు."

చుట్టూ మూగిన పిల్లలు పకపకా నవ్వారు. ప్రసూనాంబ డ్రైవరు ఎక్కించింది.

"లోపం. పోర్టు తెరుచుకోలేదు."

పోర్టు నంబరు మార్చింది.

"లోపం. హద్దు స్విచ్చి కనబడటం లేదు."

ఆమె మౌస్ వదిలేసి కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. కచేరీలో కూచున్నట్టు ఉంది ఆమెకి. మళ్ళీ వినిపించమని మీట నొక్కింది, అది మళ్ళీ చెప్పింది. తర్వాత లేచి, బల్ల వెనక వదులైన వైరు ఒకటి గట్టిగా బిగించింది. మిషన్ నడిపించి, స్విచ్చి మీద వేలు పెట్టి నొక్కింది. మిషన్ ఠక్కున ఆగింది.

ఆ సాయంత్రానికి పటం తయారైంది. నదులు గాడులుగా, కొండలు బొడిపెలుగా, సముద్రం నున్నగా. రెబ్కా టీచరు దాన్ని బల్ల మీద పెట్టి, పటంలో కుడి చేతి పక్క తూర్పని చెప్పి, నాగూర్‌బీని పిలిచింది. తరగతిలో మాట తక్కువ పిల్ల. రెండు చేతులతో పటాన్ని అంచు నుంచి అంచుదాకా మెల్లగా తడిమింది. గోదావరి మీద వేలు పెట్టి చివరిదాకా వెళ్ళింది. మళ్ళీ మొదటికొచ్చి మళ్ళీ వెళ్ళింది.

"టీచర్, గోదారి పడమరకి పోతోంది" అన్నది. "సముద్రం కూడా ఎడమ చేతి పక్కే ఉంది."

ప్రసూనాంబ ఒంగి చూసింది. కొత్తగా చుట్టించిన మోటారుకి తీగలు అటుదిటు తగిలించింది. అందుకని పటమంతా అద్దంలో చూసినట్టు తిరగబడింది.

"అవునమ్మా, తప్పు నాదే" అన్నది. ఆ మాట అనటం ఎంత తేలిగ్గా ఉందో చూసుకుని తనే ఆశ్చర్యపోయింది. తీగలు మార్చి రెండో పటం చెక్కింది. ఈసారి నాగూర్‌బీ వేలు కుడి పక్కకి పోయి సముద్రంలో ఆగింది. ఆ వేలు తీసేంతవరకు మిగతా పిల్లలు ఓపిగ్గా తమ వంతు కోసం నిలబడ్డారు.

"మరి ఈ మొదటి పటం ఏం చేద్దాం మేడం?" అన్నది రెబ్కా టీచరు. "పొయ్యిలో పెట్టటానికి మనసొప్పట్లేదు. చెక్క మంచిది."

"కాలేజీవాళ్ళు మిషన్ ఇచ్చారుగదండీ" అన్నాడు యేసుపాదం. "వాళ్ళకి పంపండి, కృతజ్ఞతగా."

పంపారు. పాండురంగారావు గారు ఎంతో ముచ్చటపడి దానికి ఇత్తడి ఫ్రేము కట్టించి, అయిదు నక్షత్రాల ప్రశంసాపత్రం పక్కనే తన గదిలో తగిలించుకున్నారు. ఆ గదిలో రోజూ సమావేశాలు జరుగుతూనే ఉన్నాయి. విశ్వపతి గారు కూడా రెండోసారి వచ్చినప్పుడు దాని ముందు చాలాసేపు నిలబడి, పనితనం బాగుందన్నారు. పటంలో సముద్రం పడమర వైపు ఉందని ఇంతవరకు ఎవరూ అనలేదు.